ఫ్రిజ్ మీద సిరంజి

మా ఎమర్జెన్సీలో పిల్లల మంచం పక్కన గోడకు ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. దాని మీద ఆరు గుండ్రటి ముఖాలు. మొదటిది చెవుల దాకా నవ్వుతుంటుంది. చివరిది కళ్ళనీళ్ళు కారుస్తుంటుంది. ఒక్కో ముఖం కింద సున్నా నుంచి పది దాకా ఒక అంకె. "నీ నొప్పి ఏ బొమ్మలా ఉంది నాన్నా, వేలు పెట్టి చూపించు" అని పిల్లల్ని అడుగుతాం. వాళ్ళు చూపించిన అంకె కాగితం మీద రాస్తాం. ఏ మందు ఇవ్వాలో, ఎంత తొందర పడాలో చాలావరకు ఆ చిన్న వేలే చెబుతుంది.

హైటెక్ సిటీ పక్కనున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను నర్సుని. తొమ్మిదేళ్ళుగా ఆ అట్ట పక్కనే నిలబడుతున్నాను. పిల్లలకు సూది పెట్టాలంటే మా వాళ్ళు నన్నే పిలుస్తారు. అందులో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. పిల్లలకు అబద్ధం చెప్పకూడదన్నది నా పట్టు. నొప్పి ఉంటే ఉందని చెప్పు, ఎంతసేపు ఉంటుందో చెప్పు, తగ్గడానికి ఏం చేస్తావో చెప్పు. అంతే, పిల్లలు పెద్దవాళ్ళకంటే బుద్ధిగా వింటారు.

పెద్దవాళ్ళతోనే నాకు పేచీ. ఒకసారి ఒక తండ్రి వచ్చాడు. మెడలో ఆఫీసు కార్డు, ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఫోన్‌లో మీటింగ్ నడుస్తూనే ఉంది. కొడుక్కి ఈతకొలను గట్టు తగిలి గడ్డం చీలింది. "ఏం కాదురా, చీమ కుట్టినట్టుంటుంది అంతే" అంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"సార్, మీకెప్పుడైనా గడ్డానికి కుట్లు పడ్డయా?" అని అడిగాను.

"లేదు సిస్టర్."

"మరి చీమ సంగతి మీకెట్ల తెలుసు?"

ఆయన ఇయర్‌ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు. "ఏడిస్తే సిస్టర్ ఇంకో సూది వేస్తుంది" అని పిల్లల్ని బెదిరించే తల్లులకైతే ఇంకా గట్టిగా పడేది. "అమ్మా, నన్ను బూచిదాన్ని చెయ్యకండి. మీరు ఇంటికి పోతరు. రేపు మళ్ళా ఈ పిల్లగాని చెయ్యి పట్టుకోవాల్సింది నేను" అనేదాన్ని. వాళ్ళు సిగ్గుపడేవాళ్ళు. నేను గెలిచినట్టు అక్కడి నుంచి కదిలేదాన్ని.

ఇన్ని నీతులు చెప్పేదాన్ని మా ఇంట్లో ఏం చేశానో ఇప్పుడు చెప్పాలి.

మూసాపేటలో మూడో అంతస్తులో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. నేను, మా ఆయన, మా అత్తమ్మ, మా పాప. మా ఆయన మాదాపూర్‌లో ఒక ఐటీ బిల్డింగులో లిఫ్టులూ ఏసీలూ చూసుకునే ఉద్యోగం చేస్తాడు. పాపకు అప్పుడు అయిదున్నరేళ్ళు. అన్నం దగ్గర అది పెట్టే తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట కూర్చునేది. పొద్దున్నుంచి నిలబడి నిలబడి, మెట్రోలో కూడా నిలబడే వచ్చి, ఆ బుగ్గ ముందు కూర్చుంటే నాకు ఏడుపొచ్చేది.

జ్వరం మందు కొలిచి పొయ్యడానికని ఒక సిరంజి తెచ్చి ఇంట్లో పెట్టాను. సూది లేని ఖాళీ ప్లాస్టిక్ గొట్టం. ఒక సాయంత్రం ఓపిక చచ్చిపోయి దాన్ని చేతిలోకి తీసుకుని, "మింగుతవా, సూది వెయ్యాల్నా?" అన్నాను. గుటుక్కున మింగేసింది. ప్రాణం ఎంత తేలికైపోయిందో! ఆ రోజు నుంచి సిరంజి ఫ్రిజ్ మీద కూర్చుంది. కొన్నాళ్ళకు మాట కూడా అక్కర్లేకపోయింది. ఒక్కసారి తల తిప్పి ఫ్రిజ్ వైపు చూస్తే చాలు. అన్నానికీ అదే, జడ వేయించుకోవడానికీ అదే, ఫోన్ ఇచ్చెయ్యడానికీ అదే. నేను డ్యూటీలో ఉంటే అత్తమ్మ అందుకునేది, "మీ అమ్మ రానీ, సూది పట్టుకొస్తది" అని.

దాని భయం ఉత్తి భయం కూడా కాదు. అయిదేళ్ళకు వేసే టీకా నేనే వేశాను. ముందుగా చర్మం మొద్దుబార్చే క్రీము రాసి గంటసేపు ఆగితే పిల్లలకు అంతగా తెలియదు. బయటి పిల్లలెవరైనా అయితే, ఆగాల్సిందేనని వాళ్ళ అమ్మానాన్నలతో వాదించేదాన్ని. మన పిల్లే కదా, ఇంటికి పోవాలి కదా అని, మోకాళ్ళ మధ్య బిగించి పొడిచేశాను. అది ఏడవలేదు. నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. "మా పాప ఏడవనే లేదు తెలుసా" అని ఆ రోజు అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం పాప కింద సెల్లార్లో ఆడుకుంటూ, నిలబెట్టి ఉన్న స్కూటీ ఎక్కి, దాని మీద నుంచి పడింది. ఈ సంగతి మాకు మరుసటి రోజు దాకా తెలియదు. లేచి, దులుపుకుని, మూడంతస్తులు ఎక్కి వచ్చి, పొడుగు చేతుల చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చుంది. నేను వచ్చేసరికి అలాగే ఉంది. మే నెల ఉక్కలో ఆ చొక్కా ఎందుకని నాకు తట్టలేదు.

అన్నాలప్పుడు ఎడమ చేత్తో ముద్ద కలుపుతుంటే అత్తమ్మ చూసింది.

"ఏందే అది? ఎడమచేత్తో తింటరా ఎవరన్న? కుడిచేత్తో తిను."

పాప చెయ్యి ఆపేసింది. "నాకు ఆకలైతలేదు" అంది.

నేను అలవాటు కొద్దీ ఫ్రిజ్ వైపు చూశాను.

వెంటనే నోరు తెరిచింది. నేనే కలిపి పెట్టాను. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఒక్క ముద్ద కూడా బుగ్గన ఉంచుకోకుండా, పెట్టిందల్లా మింగేసింది. ఇవాళ ఎంత బుద్ధిగా తిన్నదో అని ముద్దు పెట్టుకున్నాను. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్న పిల్లను మెచ్చుకుంటూ పెరుగన్నం తినిపించాను. ఈ ఒక్క సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు పాతబడదు.

పొద్దున నేను బయలుదేరేటప్పటికి పాప అత్తమ్మ పక్కన గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. లేపడం ఎందుకని వెళ్ళిపోయాను. స్నానం చేయిస్తున్నప్పుడు అత్తమ్మ చూసింది, మోచెయ్యి ఉబ్బి ఉంది.

"ఏమైందే బిడ్డా? నొస్తుందా?"

"లే. అమ్మకు చెప్పకు నానమ్మా. అమ్మ సూది తెస్తది."

అత్తమ్మకు మనవరాలంటే ప్రాణం. చెప్పకు అంటే చెప్పలేదు. అమృతాంజనం లాంటిదేదో రాసి, తన మోకాలి నొప్పికని నేను తెచ్చిపెట్టిన సాగే పట్టీ తీసి, మోచేతికి చుట్టింది. ఆమె తన మోకాలికి ఎలా చుట్టుకుంటుందో అలాగే గట్టిగా. ఎంత గట్టిగా కడితే అంత తొందరగా తగ్గుతుందని ఆమె నమ్మకం. పాప పళ్ళు బిగపట్టుకుని ఉందే తప్ప అబ్బా అనలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు వేళ్ళు ఉబ్బి, చల్లబడి, నీలంగా మారాయి. అప్పుడు భయపడి కొడుక్కి ఫోన్ చేసింది. అతను ఆఫీసు నుంచి పరుగున ఇంటికి వెళ్ళి, ఇద్దర్నీ ఆటోలో ఎక్కించుకుని, దారిలో నాకు ఫోన్ చేశాడు. "పాపను మీ దవాఖానకే తెస్తున్న. చెయ్యి మంచిగ లేదు" అన్నాడు.

ఎమర్జెన్సీ తలుపు దగ్గర నేనే నిలబడ్డాను. తండ్రి భుజం మీద ఉంది పాప. ముఖం తెల్లగా పాలిపోయింది. యూనిఫామ్‌లో నన్ను చూసి తల ఎత్తింది, నవ్వింది.

"నాకేం నొప్పి లేదమ్మా. ఊరికే వచ్చిన" అంది.

పట్టీ కొయ్యడానికి కత్తెర తీసుకున్నాను. డ్యూటీ డాక్టరమ్మ నా చేతిలోంచి కత్తెర తీసుకుని పట్టీ కోసింది. కోస్తా ప్రాంతం ఆవిడ, నాకంటే చిన్నది, ఎప్పుడూ 'అండి' లేకుండా మాట్లాడదు. మణికట్టు దగ్గర నాడి కోసం వెతికాను. దొరకలేదు. మోచేతి పైన ఎముక విరిగి పక్కకు జరిగింది. ఉబ్బిన కండకు పట్టీ ఉరిలా బిగుసుకుని రక్తం కిందికి దిగలేదు. ఇలాంటి చేతులు నేను చూశాను. తొందరగా రక్తం ఆడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ వేళ్ళు మళ్ళీ కదులుతాయా లేదా అన్నదే అప్పుడు మా అందరి ముందున్న ప్రశ్న.

డాక్టరమ్మ గోడ మీది అట్ట తీసి పాప ముందు పెట్టింది. "బంగారం, నీ నొప్పి ఏ బొమ్మలా ఉందో చూపించమ్మా."

పాప బొమ్మల వైపు చూడలేదు. నా వైపు చూసింది. చూస్తూనే ఎడమ చేతి వేలు తీసుకెళ్ళి మొదటి బొమ్మ మీద పెట్టింది. నవ్వు ముఖం.

డాక్టరమ్మ పాప చూపు వెంట నా వైపు తిరిగింది. "సిస్టర్ గారూ, ఏమీ అనుకోకండి. మీరు కాసేపు కర్టెన్ బయట ఉంటారా అండి?"

పిల్లలకు ఏం చేస్తున్నా తల్లో తండ్రో పక్కనే ఉండాలని మా ఆసుపత్రిలో పట్టుబట్టింది నేను. పెద్ద డాక్టర్లతో గొడవ పడి మరీ సాధించుకున్నాను. ఆ రోజు ఆ కర్టెన్ బయటికి నేను వెళ్ళాల్సి వచ్చింది, నా బిడ్డ నిజం చెప్పాలంటే నేను అక్కడ ఉండకూడదు కాబట్టి.

"అమ్మ పోయిందా?" లోపల పాప గొంతు.

"వెళ్ళిందమ్మా."

"సూది తేనీకి పోయిందా?"

"లేదు బంగారం. ఊరికే బయట కూర్చుంది."

తర్వాత ఒక్కసారిగా ఏడుపు. అంతకుముందెప్పుడూ మా పాప అలా ఏడవగా నేను వినలేదు. "నొస్తుంది, నిన్నటి సంది నొస్తుంది" అంటోంది. చేతులు కడుక్కునే బేసిన్ పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కుళాయి తిప్పాను, నా ఏడుపు లోపలికి వినపడకూడదని.

ముందు దానికి ముక్కులో మందు పిచికారీ చేశారు. సూది లేకుండానే నొప్పి తగ్గించే మందు అది. ఎమర్జెన్సీకి వచ్చిన పిల్లలందరికీ నేను చెప్పే మొదటి మాట అదే, "సూది లేని మందు కూడా ఉంది మా దగ్గర" అని. ఊళ్ళో పిల్లలందరికీ చెప్పాను. నా బిడ్డకు చెప్పలేదు.

కాస్త మగతలోకి వెళ్ళాక నన్ను లోపలికి పిలిచారు. తోటి సిస్టర్ చేతికి సూది పెట్టింది. ఎముక సరిచేసేటప్పుడు తెలియకుండా ఉండాలని మత్తుమందు ఎక్కించారు. ఆ మందుతో పిల్లలు కళ్ళు మూసుకోరు. తెరిచిన కళ్ళతోనే పైకప్పు వైపు చూస్తుంటారు, కనుగుడ్లు అటూ ఇటూ మెల్లగా ఊగుతుంటాయి. తెలియని వాళ్ళు చూస్తే భయపడతారు. మా ఆయన నా భుజం పట్టుకున్నాడు.

"కళ్ళు తెరిచే ఉన్నయ్ గదా. దానికి తెలుస్తుందా?"

"తెల్వదు" అన్నాను. ఎందరు తల్లిదండ్రులకో చెప్పిన మాట. శరీరం ఇక్కడ ఉన్నా నొప్పి వాళ్ళ దాకా రాదు, తర్వాత గుర్తుండదు అని ధైర్యం చెప్పేదాన్ని. ఎముకల డాక్టర్ చెయ్యి పట్టి లాగుతున్నప్పుడు మాత్రం, ఆ తెరిచిన కళ్ళు నా వైపే ఉన్నాయేమోనని పక్కకు జరిగి నిలబడ్డాను. మణికట్టులో నాడి సన్నగా తగిలింది. అరగంటలో ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్ళారు. ఎముకకు కడ్డీలు గుచ్చి, బిగుసుకున్న కండల మీద పొర కోసి వదులు చేశారు.

ఆ రోజు డ్యూటీ అప్పగించేటప్పుడు అలవాటుగా కేసు కాగితాలు తిరగేశాను. నొప్పి రాసే గడిలో డాక్టరమ్మ రెండు వరుసలు రాసింది. తల్లి ఎదుట సున్నా. తల్లి బయటికి వెళ్ళాక పది. కింద ఆవిడ సంతకం. తప్పుపట్టడానికేమీ లేదు, రాయాల్సిందే రాసింది.

చెయ్యి మిగిలింది. వేళ్ళు పూర్తిగా మిగల్లేదు. పట్టీ అన్ని గంటలు ఉండకపోతే ఇంత కాకపోయేదని ఎముకల డాక్టర్ మా అందరి ముందూ అన్నాడు. అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "నేనే కట్టిన. గట్టిగ కట్టిన. నా చేతులిరగ" అని ఒకటే ఏడుపు. మా ఆయన తల్లి మీద ఎప్పుడూ గొంతు లేపడు. ఆ రోజు లేపాడు. "ఒక్క ఫోన్ చేయనీకి ఏమైందే నీకు?" అని వార్డు అంతా వినపడేలా అరిచాడు.

ఆమె ఎందుకు ఫోన్ చెయ్యలేదో తెలిసీ నేను మాట్లాడలేదు. రెండు రోజులు ఆ ముసలామెను ఆ నింద కింద అలాగే వదిలేశాను. ఆమె అన్నం ముట్టలేదు. మూడో రోజు ఇంటికి బట్టలు తేవడానికి వెళ్ళినప్పుడు ఫ్రిజ్ మీద సిరంజి కనిపించింది, దుమ్ము పట్టి, ఎప్పటిలాగే. సంచిలో వేసుకుని తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాను.

"అత్తమ్మను అనకు. దీనికి భయపడి చెప్పలే అది. భయపెట్టింది నేను" అన్నాను.

అతను ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి సూదే లేదు గదా" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మూడేళ్ళయింది. కుడి చేతి వేళ్ళు సగం ముడుచుకునే ఉంటాయి, పూర్తిగా చాపలేదు. వ్యాయామాలు చేయించడానికి వారానికి మూడుసార్లు తీసుకెళ్ళేదాన్ని. వేళ్ళు వెనక్కి వంచి పట్టుకుంటే పెద్దవాళ్ళే కేకలు పెడతారు. "మీ పాప భలే ధైర్యం మేడమ్, కిక్కురుమనదు" అని అక్కడి అమ్మాయి మెచ్చుకునేది. మెచ్చుకున్న ప్రతిసారీ తల వంచుకునేదాన్ని. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంది. ఎడమ చేత్తోనే తింటుంది. కంచానికి ఎడమ పక్కన కూర, నీళ్ళ గ్లాసు పెట్టేది అత్తమ్మే. ఎవరైనా చుట్టాలు వచ్చి "అదేంటి, ఎడమ చేత్తో" అని నోరు తెరిస్తే, "మా పిల్ల గట్లనే తింటది, నీకేంది పరేషాన్?" అని ఆమే వాళ్ళ మీద పడుతుంది.

నేను ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. తల్లులను కసురుకోవడం మానేశాను. ఎవరైనా పిల్లాడిని సూదితో బెదిరిస్తే పక్కకు పిలిచి, ఇలా చేసిన ఒకామె నాకు తెలుసని చెబుతాను. ఎవరామె అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

పోయిన నెల పాపకు జలుబు చేసింది. రెండు రోజులు మందకొడిగా ఉంది. తలగడ మీద ఒకే వైపు పడుకుంటోంది. చెవి నొప్పేమోనని అనుమానం వచ్చింది. అడిగితే "ఏం లేదమ్మా" అంది. ఏం లేదు అన్న మాట అది ఎంత మామూలుగా అంటుందంటే, దాన్ని బట్టి నాకు ఏదీ తెలియదు. క్యాలెండర్ కాగితం చింపి, వెనక వైపు పెన్నుతో ఆరు ముఖాలు గీశాను. దాని పక్కన కూర్చుని ముందు పెట్టాను.

"సూది లేదు. ఏం లేదు. అమ్మ ఏమనది. నీకెట్ల ఉందో ఒక్క బొమ్మ చూపియ్యి బిడ్డా."

అది కాగితం వైపు చూసింది. నా ముఖం వైపు చూసింది. నా కళ్ళల్లో అప్పటికే నీళ్ళు వచ్చేశాయి, దాచుకోలేకపోయాను. అది చాలాసేపు ఆలోచించింది. తర్వాత, నన్ను ఊరడిస్తున్నట్టు, మెల్లగా అడిగింది.

"నీకేది కావాలె అమ్మా?"

కాగితం మడిచి పక్కన పెట్టాను. చెవి కింద వేలితో మెల్లగా నొక్కాను. దాని భుజం ఒక్కసారి పైకి లేచి, మళ్ళీ కిందికి దిగింది. ముఖంలో మాత్రం ఏమీ లేదు. అత్తమ్మకు చెప్పి, చెప్పులు వేసుకుని, ఇద్దరం ఆటో కోసం కిందికి దిగాం.